ఎగిరే బంతి: మన పాఠశాల ప్రాజెక్టులపై ఒక విమర్శ

ఫిబ్రవరి నెల రాగానే మన ఉన్నత పాఠశాలలలో వైజ్ఞానిక ప్రదర్శనల సందడి మొదలవుతుంది. సర్ చంద్రశేఖర వెంకట రామన్ తన పేరుతో ప్రసిద్ధమైన కాంతి పరిక్షేపణ ఫలితమును 1928 ఫిబ్రవరి 28న కనుగొన్నాడు. దానికి స్మారకముగా 1987 నుండి ఆ తేదీని జాతీయ విజ్ఞాన దినముగా జరుపుకొంటున్నాము. ఆనాటి ప్రదర్శనలలో అగ్నిపర్వతపు నమూనా, బిందుసేద్యపు నమూనా, గాలిమర మొదలైన వాటి ప్రక్కన తరచుగా కనబడే ప్రాజెక్టు మరొకటి ఉన్నది. ఒక విద్యార్థి బంతిని చేతబట్టుకొని, గోడకు అంటించిన కొలతపట్టీ ప్రక్కన నిలబడి ఉంటాడు. బంతిని వదులుతాడు. అది నేలను తాకి పైకి లేస్తుంది. ఎంత ఎత్తు లేచినదో చూచి పట్టికలో వ్రాస్తాడు.

ఈ ప్రాజెక్టును చులకన చేయుట నా ఉద్దేశము కాదు. నిజానికి ఇంతకంటె మంచి ప్రాజెక్టు పాఠశాలకు దొరుకుట కష్టము. మా దమ్మపేట ఖమ్మం మైదానము ముగిసి భద్రాచలం అడవులు మొదలయ్యే సరిహద్దున ఉన్నది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది. పామాయిల్ తోటల నడుమ, వాగుల ఒడ్డున ఉన్న పల్లెలనుండి పిల్లలు నడిచి బడికి వచ్చే ప్రాంతము. ఒక బంతి, ఒక కొలతపట్టీ, ఒక గోడ తప్ప మరేమీ అక్కరలేని ప్రయోగము ఇటువంటి చోట ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంత మంచి ప్రయోగమును మనము పాడుచేస్తున్న తీరును గురించియే నా విమర్శ. ఆ పాడుచేసిన వారిలో నేనును ఒకడను కనుక ముందు నా తప్పునే చెప్పుకొంటాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రాంతములోని ఒక ప్రదర్శనకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచినారు. అక్కడ బంతి ప్రాజెక్టులు రెండు వచ్చినవి. మొదటిది పెద్ద చార్టు. రంగురంగుల గీతలు, చక్కని దస్తూరి. బంతిని 100 సెం.మీ. నుండి వదలినారట. అది వరుసగా 80, 64, 51.2, 40.96 సెం.మీ. ఎత్తు లేచినదట. ప్రతిసారీ ముందరి ఎత్తులో సరిగా అయిదింట నాలుగు వంతులు. రెండవది ఒక తొమ్మిదవ తరగతి బాలిక తెచ్చిన నోటుపుస్తకము. ఒక్కొక్క కొలతను పదిసార్లు తీసి, పది అంకెలనూ వ్రాసి, సగటు కట్టినది. కొట్టివేతలు చాలా ఉన్నవి. ఆమె నిష్పత్తులు 0.66, 0.67, 0.69గా ఉన్నవి.

"నిష్పత్తి మారరాదు కదమ్మా?" అని అడిగినాను.

"ఎన్నిసార్లు వదిలినా ఇట్లాగే వస్తంది సార్" అన్నది.

నేను తల ఊపి, "కొలతలో శ్రద్ధ చాలలేదు" అని వ్రాసి, చార్టుకు మొదటి బహుమతి ఇచ్చినాను. ఆ సాయంత్రము సత్తుపల్లి పోయే బస్సులో కూర్చున్నప్పుడు 40.96 అనే అంకె నా మనస్సులో మెదలినది. సెంటీమీటరులో నూరవ వంతును ఏ కొలతపట్టీ చూపినది? కదులుతున్న బంతి ఎత్తును అంత సూక్ష్మముగా ఏ కన్ను చూచినది? ఆ అంకెలు కొలిచినవి కావు, 100ని నాలుగుసార్లు 0.8తో గుణించగా వచ్చినవి. నేను గుణకారమునకు బహుమతి ఇచ్చి ప్రయోగమునకు మార్కులు తగ్గించినాను.

అప్పటినుండి ఎక్కడ బంతి ప్రాజెక్టు కనబడినా ఆగి చూస్తున్నాను. వాటిలో సాధారణముగా కనబడే లోపములు నాలుగు.

కొలవని కొలతలు

మొదటి లోపము పైన చెప్పినదే. పిల్లలు అబద్ధమాడుతున్నారని నేను అనను. శుభ్రమైన అంకెలనే మనము మెచ్చుకొంటామని వారికి తెలిసిపోయినది. అందుచేత శుభ్రమైన అంకెలనే తెస్తున్నారు.

ఈ కొలత ఎంత కష్టమైనదో ఒక చిన్న లెక్క చెబుతుంది. బంతి పైకి లేచి, ఒక్క క్షణము ఆగి, మరల దిగుతుంది. శిఖరమునకు రెండు సెంటీమీటర్ల లోపల అది ఉండే కాలము, ఎక్కినది దిగినది కలిపి, సుమారు 0.13 సెకను. అనగా సెకనులో ఎనిమిదవ వంతు. ఆ వ్యవధిలోనే కన్ను బంతిని పట్టుకొని కొలతపట్టీ మీది గీతను చదవవలెను. కన్ను బంతికి సమానమైన ఎత్తులో లేకపోతే చదివిన అంకె ఇంకను మారిపోతుంది. కనుక ఒకే బంతి, ఒకే నేల, ఒకే ఎత్తు అయినప్పటికీ ఒకసారి 62, ఒకసారి 65 వచ్చుట సహజము. పది కొలతలూ ఒకే అంకె అయితేనే సందేహింపవలెను. పట్టికలో సగటు మాత్రమే గాక పది అంకెలూ ఉండవలెను. వాటిలో అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ గల తేడా కూడ ఆ ప్రయోగము చెప్పిన విషయమే.

ప్రశ్నలోని లోపము

"ఏ బంతి అన్నిటికంటె ఎక్కువ ఎగురుతుంది?" అన్నది చాల చార్టులకు శీర్షిక. ఈ ప్రశ్న సగము ప్రశ్న. బంతి ఎంత ఎగురుతుందన్నది బంతి గుణము మాత్రమే కాదు, బంతికీ నేలకూ కలిసిన గుణము. గచ్చు మీద చక్కగా ఎగిరే రబ్బరు బంతి పేడతో అలికిన మట్టినేల మీద తగ్గుతుంది, వాగు ఇసుకలో చతికిలబడుతుంది. మన పిల్లలకు ఈ నేలలన్నియు తెలుసు. వాటిని చార్టులోనికి తెచ్చినవారు మాత్రము అరుదు.

ఆటల నియమములు వ్రాసినవారు ఈ సంగతిని బాగుగా గ్రహించినారు. టేబుల్ టెన్నిస్ నియమములలో బల్లకే పరీక్ష పెట్టినారు. ప్రమాణమైన బంతిని 30 సెం.మీ. ఎత్తునుండి వదలితే అది బల్లపై అంతటా ఒకే తీరుగా సుమారు 23 సెం.మీ. లేవవలెను. టెన్నిస్‌లో పరీక్ష బంతికి. సాధారణ రకపు బంతిని 254 సెం.మీ. నుండి గట్టి నేలమీద వదలితే 135కు తగ్గకుండ, 147కు మించకుండ లేవవలెను. ఒక దానిలో బంతిని మార్చకుండ బల్లను పరీక్షించినారు, రెండవదానిలో నేలను మార్చకుండ బంతిని పరీక్షించినారు. రెండింటినీ ఒక్కసారి మార్చి ఫలితము చెప్పరాదన్న పాఠము ఈ రెండు నియమములలోనే ఉన్నది.

లేచిన ఎత్తును వదలిన ఎత్తుతో భాగించి వర్గమూలము తీసితే, నేలను విడిచిన వేగమునకూ నేలను తాకిన వేగమునకూ గల నిష్పత్తి వస్తుంది. దీనినే ప్రత్యవస్థాన గుణకము అంటారు. టేబుల్ టెన్నిస్ బల్ల విషయములో అది సుమారు 0.88. టెన్నిస్ బంతి విషయములో 0.73, 0.76ల నడుమ. ఇంటర్మీడియట్ విద్యార్థులు ఈ సూత్రమును కంఠస్థము చేస్తారు. అది తమ ఊరి వాలీబాల్ మైదానమునకు కూడ వర్తిస్తుందని మనము చెప్పము.

పేరు చెప్పి కారణమనుకొనుట

మూడవ లోపము చార్టు అడుగున ఉంటుంది. "బంతి మొదటి ఎత్తునకు చేరలేదు. ఏలయన కొంత శక్తి ఉష్ణముగాను ధ్వనిగాను మారినది." ఈ వాక్యము సత్యమే. కాని ఆ విద్యార్థి దానిని తన ప్రయోగములో కనుగొనలేదు, పుస్తకమునుండి దింపుకొన్నాడు. పరీక్షించగల విషయమా అని లెక్క వేసి చూడవచ్చును. 57 గ్రాముల టెన్నిస్ బంతిని ఒక మీటరు ఎత్తునుండి వదలితే దాని శక్తి సుమారు 0.56 జౌలు. అది 55 సెం.మీ. లేచినదనుకొంటే పోయిన శక్తి సుమారు 0.25 జౌలు. ఈ శక్తి అంతా బంతిలోనే ఉష్ణముగా నిలిచినా బంతి ఉష్ణోగ్రత డిగ్రీలో కొన్ని వేయవ వంతులు మాత్రమే పెరుగుతుంది. బడిలోని థర్మామీటరు దానిని ఎన్నడూ చూపలేదు.

అయితే ఉష్ణమునకూ బంతికీ గల సంబంధమును తలక్రిందులుగా పరీక్షించుటకు అడ్డు లేదు. ఒకే బంతిని మంచులో ఉంచి ఒకసారి, ఎండలో ఉంచి మరొకసారి వదలి చూడవచ్చును. స్క్వాష్ ఆటగాండ్రు ఆట మొదలుపెట్టే ముందు బంతిని గోడకు పదేపదే కొట్టి వెచ్చబరచుకొంటారు, చల్లని బంతి సరిగా లేవదు గనుక. ఈ మాట చార్టు అడుగున వ్రాసి ఊరకుండక, తమ రబ్బరు బంతి ఎన్ని సెంటీమీటర్లు తేడా చూపినదో వ్రాసినవారు నిజముగా పరిశోధన చేసినవారు.

పుస్తకముతో సరిపోని అంకె

నాలుగవ లోపము విద్యార్థులది కాదు, మనది. పుస్తకములోని సూత్రముతో సరిపోని అంకెను చూడగానే "తప్పు" అంటాము. ఆ బాలిక నోటుపుస్తకము ముందు నేను చేసినది అదే.

నిష్పత్తి మారదని మొదట చెప్పినవారిలో ముఖ్యుడు న్యూటన్. 1687లో వెలువడిన ప్రిన్సిపియా గ్రంథములో, చలన నియమముల వెంటనే వచ్చే వ్యాఖ్యానములో, అతడు తన ప్రయోగమును వర్ణించినాడు. పది అడుగుల త్రాళ్లకు గోళములను లోలకములుగా వ్రేలాడదీసి ఒకదానినొకటి ఢీకొనజేసినాడు. గట్టిగా చుట్టి బిగించిన ఉన్ని ఉండలు 9 వంతుల వేగముతో దగ్గరకు వస్తే 5 వంతుల వేగముతో విడిపోయినవి. ఉక్కు గోళములు దాదాపు వచ్చిన వేగముతోనే విడిపోయినవి. బెండు గోళములలో వేగము కొంచెము తగ్గినది. గాజు గోళములలో ఈ నిష్పత్తి సుమారు 16కు 15. దీనిని మన బంతి భాషలోనికి మార్చుకోవచ్చును. ఈ నిష్పత్తులతో ఒక మీటరునుండి పడినట్లయితే ఉన్ని ఉండ సుమారు 31 సెం.మీ., గాజు గోళము సుమారు 88 సెం.మీ. లేవవలెను. ఒక జత పదార్థములకు ఈ నిష్పత్తి స్థిరమని న్యూటన్ తలచినాడు. మన పాఠ్యపుస్తకములు ఆ బాటనే నడుస్తున్నవి.

అయితే న్యూటన్ ఒక పని చేసినాడని గమనింపవలెను. గోళములను ఢీకొనజేయుటకు ముందు, వట్టి లోలకమును ఊగనిచ్చి, గాలి నిరోధమువలన ఎంత తగ్గుతున్నదో కొలిచి, దానిని లెక్కలోనుండి సవరించినాడు. ఫలితము మీద ప్రేమ ఉన్నవాడు తన కొలతను తానే శంకిస్తాడు.

ఇక రామన్. ఈయన బాల్యము విశాఖపట్టణములో గడచినది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. కాంతి మీద పేరు గడించుటకు పది సంవత్సరములు ముందే, 1918లో, రామన్ ఫిజికల్ రివ్యూ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించినాడు. దాని విషయము అతి స్వల్ప వేగములతో గోళములు ఢీకొనుట. దానిని ఛాయాచిత్రముల సాయముతో పరిశీలించినాడు. వేగము తగ్గిన కొలది ప్రత్యవస్థాన గుణకము పెరుగుతూ ఒకటిని సమీపిస్తుందని చూపినాడు. కారణము ఊహించుట కష్టము కాదు. గట్టి దెబ్బకు గోళములు తాకినచోట శాశ్వతముగా కొద్దిగా నొక్కుకొంటవి. ఆ మేరకు శక్తి తిరిగి రాదు. మెత్తని దెబ్బకు ఆ నష్టము ఉండదు. అనగా స్థిరమనుకొన్న నిష్పత్తి స్థిరము కాదు. రామన్ పేర జరిగే పండుగనాడు, రామన్ స్వయముగా పరిశోధించిన విషయము మీద, నిష్పత్తి మారినదని ఒక బాలిక చెప్పితే నేను మార్కులు తగ్గించినాను.

మూడు అనుమానములు

ఇంతమాత్రముచేత ఆ బాలిక రామన్ ఫలితమును కనుగొన్నదని నేను చెప్పబోతే అది రెండవ తప్పు అవుతుంది. నిష్పత్తి పెరుగుటకు కారణములు మూడు ఉండవచ్చును.

ఒకటి, కొలత. ఎత్తును బంతి అడుగుభాగమునుండి కొలవవలెను. చాలమంది పైభాగమును చూస్తారు. బంతి వ్యాసము ఆరున్నర సెంటీమీటర్లు, నిజమైన ఎత్తులు 100, 64, 41, 26.2 అనుకొందము. నిష్పత్తి ప్రతిసారీ 0.64. పైభాగమును చూచినవారికి ఇవే 106.5, 70.5, 47.5, 32.7గా కనబడుతవి. అప్పుడు నిష్పత్తులు 0.66, 0.67, 0.69. ఆ బాలిక అంకెలు సరిగా ఇవే! అయినప్పటికీ అంకెలు సరిపోవుట ఋజువు కాదు. మిగిలిన రెండు కారణములూ నిష్పత్తిని ఆ వైపునకే నెట్టగలవు.

రెండు, గాలి. వేగము ఎక్కువైన కొలది గాలి నిరోధము హెచ్చుతుంది కనుక ఎత్తైన మొదటి గెంతులో నష్టము ఎక్కువ, తరువాతి వాటిలో తక్కువ. మీటరు ఎత్తునుండి పడిన బంతి నేలను సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగముతో తాకుతుంది. ఆ వేగములో 2.7 గ్రాముల టేబుల్ టెన్నిస్ బంతిపై గాలి నిరోధము దాని బరువులో సుమారు నాలుగవ వంతు. టెన్నిస్ బంతి విషయములో బరువులో ఇరువదియైదవ వంతు మాత్రమే. మూడు, రామన్ చూపిన కారణము.

ఈ మూడింటినీ వేరుచేయుట పాఠశాలలో అసాధ్యము కాదు. మొదటి అనుమానము తీరుటకు ఎత్తును వదలి కాలమును కొలవవలెను. బంతి నేలను తాకిన ప్రతిసారీ శబ్దము వస్తుంది. రెండు శబ్దముల నడుమ కాలమునకు బంతి వ్యాసముతో పని లేదు. నేడు ఇంటింటా ఉన్న సెల్‌ఫోనులో ఆ శబ్దమును రికార్డు చేసి వ్యవధులు చూడవచ్చును. 0.8 గుణకము గల బంతిని మీటరు ఎత్తునుండి వదలితే వ్యవధులు సుమారు 0.72, 0.58, 0.46 సెకనులుగా ఉండవలెను. ఒక వ్యవధిని దానికి ముందటి వ్యవధితో భాగిస్తే వర్గమూలముతో పని లేకుండానే గుణకము వచ్చును. ఫోను లేనివారు వదలినప్పటినుండి బంతి నిలిచేవరకు మొత్తము కాలమును స్టాప్‌వాచీతో చూడవచ్చును. లెక్క ప్రకారము 0.8 గుణకమునకు ఆ కాలము సుమారు 4 సెకనులు, 0.9 గుణకమునకు సుమారు 8.6 సెకనులు. గుణకములో చిన్న తేడాకు కాలములో రెట్టింపు తేడా!

రెండవ అనుమానము తీరుటకు గాలి అంతగా లెక్కకు రాని బరువైన చిన్న గోళమును తీసుకొనవలెను. లారీ బేరింగులోని ఉక్కు గుండును మందమైన రాతిబండ మీద వదలవచ్చును. బంతినీ బండనూ మార్చకుండ 10, 25, 50, 100 సెంటీమీటర్ల ఎత్తులనుండి వదలి గుణకమును పోల్చితే మూడవ అనుమానమునకు సమాధానము దొరికే దారి ఏర్పడుతుంది. ఇది ఒక చార్టుకు సరిపోయే పని కాదు, ఒక సంవత్సరమునకు సరిపోయే పని. 1993 నుండి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పిల్లలనుండి కోరేది సరిగా ఇటువంటి పనినే.

ఉపాధ్యాయ మిత్రులకు

ప్రాజెక్టులకు మార్కులు వేసే మిత్రులకు నా మనవి ఇది. చార్టును చూచే ముందు చిత్తు పుస్తకమును అడగండి. చిత్తు పుస్తకము లేని ప్రాజెక్టుకు బహుమతి ఇవ్వవద్దు. "ఎన్నిసార్లు కొలిచినావు? ఎక్కడినుండి కొలిచినావు? నీకు సరిపోని అంకె ఏది?" అని మూడు ప్రశ్నలు అడగండి. మూడవ ప్రశ్నకు జవాబు చెప్పగల విద్యార్థి పుస్తకమునుండి దింపుకొని రాలేదని తెలిసిపోతుంది. దస్తూరికి, రంగులకు మార్కులు ఉండవచ్చును. కాని కొలతకు ఉన్నన్ని ఉండరాదు.

విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. మీ అంకె పుస్తకముతో కలియనప్పుడు దానిని చెరిపివేయవద్దు. అది మీ కొలతలోని తప్పు కావచ్చును, గాలి కావచ్చును, నేల కావచ్చును, పుస్తకము చెప్పకుండ వదలిన విషయము కావచ్చును. వాటిలో ఏదో తేల్చుటయే మీ ప్రాజెక్టు.

ఆ బాలిక పదవ తరగతి ముగించి ఆ పాఠశాలను విడిచి చాల కాలమైనది. ఆమె బంతి పైభాగమును చూచినదా, అడుగుభాగమును చూచినదా అని నేను ఆనాడు అడిగియుంటే ఇద్దరమూ కలిసి అక్కడికక్కడే తేల్చుకొనియుందుము. అయిదు నిమిషముల పని. మరల ఎగరవేయుటకు బంతి ఆమె చేతిలోనే ఉన్నది.